కాలిబలముతో ఆగు కారు

బండి నడుపుటకంటె బండి నాపుట ముఖ్యమని చెప్పినయెడల మీరెవరును కాదనరు. ఎద్దులబండి తోలువాడు మెట్ట యెక్కునప్పుడు పాట పాడుకొనును గాని, పల్లమునకు దిగునప్పుడు మాట మాని పగ్గములు బిగబట్టును. గుంటూరులో లారీల షెడ్డునందు నాకు పని నేర్పిన మేస్త్రీ, "ఇంజను చెడిన బండి యింటివద్ద నుండును, బ్రేకు చెడిన బండి యెక్కడ నుండునో యెవరికి తెలియునురా?" అనుచుండెడివాడు. ఆ మాట వినుచు పని నేర్చినవాడను గనుక, తరువాత అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునకు వచ్చి ఒక చిన్న గ్యారేజీలో 22 సంవత్సరములు పని చేసినప్పుడును, బ్రేకుల పని వచ్చినయెడల ఇతరుల కీయక నేనే చేయుచుంటిని.

ఆ యేండ్లన్నిటిలో కారును సుఖపరచుమని అడిగినవారే గాని, ఉన్న సుఖమును తీసివేయుమని అడిగినవారు లేరు. నేను పని విరమించిన తరువాత, 2019 వసంతకాలమున, మా వీధిలోని పెద్దమనిషి యొకడు అట్టి పని చేయుమని నన్ను కోరెను. ఆయన వయస్సు 74 సంవత్సరములు, భార్య గతించినది. ఆయనకు 1968వ సంవత్సరపు షెవర్లే కంపెనీవారి షెవెల్ కారొకటి కలదు. దానికున్న పవర్ బ్రేకును తీసివేసి, కేవలము కాలిబలముతో పనిచేయు బ్రేకును అమర్చవలెనని ఆయన కోరిక. ఇది వినినప్పుడు నా భార్య, "ఏమండీ, మెట్లు తీసివేసి నిచ్చెన వేయుమన్నట్లున్నది గదా?" అనెను. ఆయన కోరికకు కారణము కలదు. అది తెలియుటకు ముందు ఈ పవర్ బ్రేకు అనగా నేమో చెప్పవలెను.

మీరు కారు పెడలును తొక్కినప్పుడు మీ పాదము చక్రమును పట్టుకొనదు. పెడలునకు కట్టిన కడ్డీ ముందునకు జరిగి, మాస్టర్ సిలిండరు అను గొట్టములోని బిరడాను నెట్టును. ఆ గొట్టము నిండ బ్రేకు ఆయిలుండును. ఆయిలు నలుగదు, దానికి తగిలిన ఒత్తిడి సన్నని ఇనుపగొట్టముల వెంబడి నాలుగు చక్రములయొద్దకు పోయి, అచ్చట బ్రేకుదిమ్మలను బిగించును. ద్రవమునందు ఒకచోట కలిగిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా ప్రాకునని నిరూపించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్. భక్తిపరుడైన ఆలోచనాపరుడుగా ఆయన పేరు మీలో కొందరు వినియుందురు. గాలికి బరువు కలదను సంగతిని పరీక్షించుటకు 1648లో తన బావగారిని పాదరసపు గొట్టముతో కొండ యెక్కించినవాడును ఆయనయే. ఆయిలు ఒత్తిడి, గాలి బరువు, ఈ రెండును కలిసినదే నేటి పవర్ బ్రేకు. ఆయన తన 39వ యేట, 1662లో మరణించెను. మోటారుకారు పుట్టుటకు అప్పటికి రెండువందల సంవత్సరములకు పైగా వ్యవధి యుండెను.

ఇక గాలి చేయు పని. రెండు పెద్ద పళ్లెములను మూతులు కలిపినట్లుండు నల్లని గుండ్రని డబ్బా యొకటి పెడలునకు మాస్టర్ సిలిండరునకు నడుమ నుండును. దీనిని బూస్టరందురు. దాని మధ్య రబ్బరు తెర కలదు. నడుచుచున్న ఇంజను, మనము కొబ్బరిబొండములో గొట్టముపెట్టి పీల్చినట్లు, ఆ డబ్బాలోని గాలిని పీల్చివేయును. మీరు పెడలుమీద కాలు మోపగానే డబ్బా వెనుక చిన్న ద్వారము తెరచుకొని, బయటి గాలి తెర వెనుకకు జొరబడి దానిని ముందునకు త్రోయును. 9 అంగుళముల వెడల్పుగల తెరపై మంచి ఇంజను పీల్పుతో పడు బలము 500 పౌండ్లకు, అనగా 225 కిలోలకు మించును. పసిపిల్ల తొక్కినను కారు నిలుచుట ఈ సహాయము వలననే. లారీ ఆగినప్పుడు వినబడు బుస్సను ధ్వని వేరు. అది పంపుతో నింపిన గాలి. కారులోనిది పీల్చివేసిన గాలి చేయు పని.

ఇచ్చట ఒకమాట చెప్పి ముందుకు పోయెదను. ఘాటురోడ్డు దిగునప్పుడు పెట్రోలు మిగులునని కొందరు డ్రైవర్లు ఇంజను ఆపివేయుచుందురు. పూర్వపు బండ్లకు బూస్టరు లేదు గనుక బ్రేకునకు అందువలన బలము తగ్గెడిది కాదు. నేటి కార్లకు అట్లు కాదు. ఇంజను ఆపినయెడల డబ్బాలో మిగిలిన పీల్పు రెండు మూడు తొక్కుళ్లకే చెల్లిపోవును. తరువాతి మలుపులో పెడలు రాయివలె గట్టిపడును. మీ కుమారులలో ఎవరైనను టాక్సీ నడుపుచున్నయెడల ఈ సంగతి వారికి చెప్పుడి. స్టీరింగు కూడ బిగిసిపోవుట అటుంచి, బ్రేకు సంగతి ఒక్కటే చాలును.

మన పెద్దమనిషి కారునకు కలిగిన తొందర దాదాపు అట్టిదే, కాని ఇంజను నడుచుచుండగనే కలిగెను. ఆ కారును ఆయనకు ముందు ఏలినవాడెవడో దాని స్వరూపమును చాల మార్చియుండెను. అది కర్మాగారమునుండి వచ్చినప్పుడు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే, బూస్టరు లేదు. ఆ కాలమున బూస్టరనునది అదనపు సొమ్ము చెల్లించి తీసికొను వస్తువు. తరువాతివాడు ముందరి చక్రములకు డిస్కు బ్రేకులను, బూస్టరును, దానికి తగిన లావు మాస్టర్ సిలిండరును అమర్చెను. అంతవరకు బాగుగనే యుండెను. పిమ్మట వేగముమీది ఆశతో ఇంజనులోని క్యామ్ షాఫ్ట్‌ను మార్చి, కవాటములు ఎక్కువసేపు తెరచియుండునట్టి దానిని వేసెను. అట్టి ఇంజను పరుగులో బలముగా లాగును గాని, నిలిచి తిరుగుచున్నప్పుడు దాని పీల్పు క్షీణించును. నేను గేజి పెట్టి చూచితిని. మంచి ఇంజను 18 అంగుళముల పాదరసము చూపవలసియుండగా ఇది 9 చూపెను, ఒక్కొక్కప్పుడు 10.

దీని ఫలితమేమనగా, పెద్దరోడ్డుపై వేగముగా పోవుచు కాలు తీసినప్పుడు పీల్పు సమృద్ధిగా నుండును, బ్రేకు మెత్తగా పట్టును. బజారులో మెల్లగా ప్రాకుచు రెండుసార్లు తొక్కినయెడల మూడవసారి సహాయము రాదు. ఒక ఉదయము పిల్లలు దిగుచున్న స్కూలు బస్సు ముందు నిలిచియుండగా, ఆయన మూడవసారి తొక్కిన తొక్కుడునకు పెడలు కదలలేదు. రెండు కాళ్లును దానిమీద వేసి నిలబడినంత పని చేయగా, కారు బస్సునకు నాలుగడుగుల దూరమున ఆగెను. ఆ సంగతి నాకు చెప్పునప్పుడు ఆయన చేతులు మోకాళ్లమీద వణకుచుండెను. ఎన్నడును సహాయము లేని బ్రేకుతో ఎవడైనను వేగిపోవును, కాలు అందుకు అలవాటుపడును. వచ్చునో రాదో తెలియని సహాయముతో కాలికి లెక్క చిక్కదు. నా అభిప్రాయములో అది బొత్తిగా బూస్టరు లేకపోవుటకంటె చెడ్డది.

మార్గములు లేకపోలేదు. పాత క్యామ్ షాఫ్ట్ తిరిగి వేయవచ్చును. విద్యుత్తుతో నడచు చిన్న పంపు పెట్టి డబ్బాలోని గాలిని పీల్చవచ్చును. స్టీరింగు పంపులోని ఆయిలు బలముతో నడచు బూస్టరు కలదు, అది 1970లలో వచ్చినది, ఇంజను పీల్పుతో దానికి నిమిత్తము లేదు. నేను పంపు పెట్టుడని చెప్పితిని, ఎందుకనగా ఆయన కుడిమోకాలికి అంతకు మూడు సంవత్సరముల క్రితము శస్త్రచికిత్స జరిగెను. ఆయన ఒప్పలేదు. "మరియొక యంత్రము తెచ్చిపెట్టెదవు. అదియు చెడును. నేనెంత తొక్కితినో అంతే పట్టు బ్రేకు కావలెను. ఈ కారు నా తరువాత నా మనుమరాలిది" అనెను. ఆ పిల్లకు పదునేడేండ్లు. ఆ సంవత్సరమే లైసెన్సు వచ్చెను.

అప్పుడు నేను మరుగుదొడ్డి గదిలో బరువు చూచుకొను త్రాసును తెమ్మని, దానిని గోడకు నిలువుగా ఆనించి, ఆయనను కుర్చీలో కారు సీటునందువలె కూర్చుండబెట్టి, కుడికాలితో తొక్కుమంటిని. తొలిసారి 75 పౌండ్లు చూపెను. రెండవసారి 65. మూడవసారి 55, ముఖము చిట్లించుకొనెను. మనుమరాలు నవ్వుచు తొక్కి 130 దాటించెను. ఆయన త్రాసును చూచి ఏమియు పలుకలేదు. నేనును అప్పుడేమియు చెప్పలేదు గాని, ఆ మూడు అంకెలను నా పుస్తకములో వ్రాసికొంటిని.

చాలమంది చేయు పని యేమనగా, బూస్టరును విప్పి పారవేసి, అదే మాస్టర్ సిలిండరును తెచ్చి గోడకు బిగించి, పని ముగిసినదందురు. దీనివలన కలుగు ప్రమాదమును లెక్క వేసి చూపెదను. లెక్కలు రానివారును అనుసరింపవచ్చును. బండరాయిని గడ్డపారతో పెకలించునప్పుడు, ఆనుడుచోటు రాయికి దగ్గరగా నున్నయెడల పని సుళువు గదా. పెడలును అట్టి గడ్డపారయే. దాని మొదట ఒక కీలు, చివర మన పాదము, నడుమ కడ్డీ తగిలించు రంధ్రము. రంధ్రము కీలునకు ఎంత దగ్గరనున్న కడ్డీకి అంత బలము చేరును. బూస్టరున్న కార్లలో పాదబలము సుమారు 4 రెట్లగును, బూస్టరు లేనివాటిలో సుమారు 6 రెట్లగును. ఈ షెవెల్ కారు పెడలులో కర్మాగారమువారే రెండు రంధ్రములు చేసియుంచిరి. క్రిందిది బూస్టరునకు, దానికి సుమారు ఒక అంగుళము పైనున్నది కాలిబలమునకు. యాబది సంవత్సరములుగా ఆ పైరంధ్రము ఖాళీగా, తుప్పు పట్టక, తనకొరకు ఎవరైనను వత్తురా అన్నట్లున్నది. దానిని చూచినప్పుడు నాకు సంతోషము కలిగెను. ఒకే పెడలుతో ఇద్దరి అవసరము తీర్చిన ఆ పనివారిని మెచ్చుకొనవలసినదే.

రెండవది గొట్టము లావు. డాక్టరుగారి సన్నని సిరంజిని నొక్కిన నీరు దూరముగా చిమ్మును. పశువుల డాక్టరుగారి లావు సిరంజిని అంతే బలముతో నొక్కిన మెల్లగా కారును. మాస్టర్ సిలిండరు సన్ననైనకొలది ఆయిలులో ఒత్తిడి హెచ్చును. ఈ కారునకున్నది ఒక అంగుళము మీద ఎనిమిదవవంతు లావు. నేను తెచ్చినది సరిగా ఒక అంగుళము.

ఇప్పుడు 70 పౌండ్ల బలముతో తొక్కితిమనుకొందము. బూస్టరు తీసి తక్కినవన్నియు పాతవే ఉంచినయెడల, 4 రెట్లు 280. ఆ లావు గొట్టములో చదరపు అంగుళమునకు సుమారు 280 పౌండ్ల ఒత్తిడి పుట్టును. పైరంధ్రమునకు మార్చి, అంగుళపు గొట్టము పెట్టినయెడల, 6 రెట్లు 420. ఒత్తిడి సుమారు 535. కాలు అదే, మనిషి అతడే, కారు అదే, ఒత్తిడి దాదాపు రెండింతలు. అయితే ఇది ఊరక వచ్చినది కాదు. పెడలు మునుపటికంటె దాదాపు రెండింతల దూరము పోవలెను. కనుక చక్రములయొద్ద దిమ్మలు అరిగి సందులున్నయెడల, లేదా గొట్టములలో గాలిబుడగ మిగిలినయెడల, పెడలు నేలను తాకును. బూస్టరుతో నుండగా కప్పబడియున్న అజాగ్రత్తలన్నియు ఇందులో బయటపడును.

పని రెండు శనివారములు పట్టెను. బూస్టరును, దాని వంకర పట్టీలను విప్పితిమి. మాస్టర్ సిలిండరును నేరుగా ఇంజను గోడకు బిగించితిమి. సిలిండరు కొనునప్పుడు ఒక సంగతి చూడవలెను. బూస్టరుతో వాడు సిలిండరులో బిరడా వెనుకనున్న గుంట లోతు తక్కువ. అట్టిదానిలో కాలిబ్రేకు కడ్డీని పెట్టినయెడల, ఎన్నడైనను పెడలు పైకి ఎగిరినప్పుడు కడ్డీ జారి క్రిందపడును. అప్పుడు బ్రేకే లేదు. లోతైన గుంటగల సిలిండరే కావలెను. కడ్డీకిని బిరడాకును నడుమ వెంట్రుకవాసి కంటె కొంచెము హెచ్చుగా, అంగుళములో పదునారవ వంతు సందుంచితిమి. సందు లేకున్న, ఆయిలు వేడెక్కి ఉబ్బినప్పుడు తిరిగి తొట్టిలోనికి పోవు దారి మూసికొని, ఎవరును తొక్కకయే బ్రేకులు పట్టుకొనును.

సిలిండరును కారునకు బిగింపకముందే బల్లమీద పెట్టి దానిలోని గాలి తీసితిని. పిమ్మట దూరపు చక్రము మొదలుకొని దగ్గర చక్రమువరకు, కుడి వెనుక, ఎడమ వెనుక, కుడి ముందు, ఎడమ ముందు, ఈ వరుసను గాలి తీసితిమి. మనుమరాలు లోపల కూర్చుండి తొక్కుచుండగా నేను క్రింద పరుండి మర విప్పుచుంటిని. "తొక్కు", "పట్టు", "వదలు" అని ఆ పిల్లకు కేకవేయుచుండ ప్రక్కయింటి కుక్క ప్రతి కేకకును మొరిగెను. బ్రేకు ఆయిలు రంగుమీద పడినయెడల రంగు లేచిపోవును గనుక తాతగారు తడిగుడ్డ పట్టుకొని కారు చుట్టును తిరుగుచుండిరి.

ముందరి డిస్కులను తీసి మరల డ్రమ్ములే వేయరాదా అని ఆయన ఒకసారి అడిగెను. ఆ ప్రశ్న తెలివిగల ప్రశ్నయే. డ్రమ్ములోని దిమ్మను తిరుగుచున్న చక్రమే లోనికి లాగికొని బిగించును, కాలికి శ్రమ తక్కువ. డిస్కునకు ఆ గుణము లేదు, తొక్కినంతే పట్టును. కాని డ్రమ్ము వరుసగా తొక్కినప్పుడు వేడెక్కి పట్టు వదలును, నీటిలో తడిసినప్పుడు ఒకప్రక్కకు లాగును. పదునేడేండ్ల పిల్ల వానలో నడుపబోవు కారునకు డిస్కులే ఉండనిమ్మంటిని. మంచి పట్టుగల మెత్తని దిమ్మలను వేసితిమి.

చర్చి వెనుకనున్న ఖాళీ స్థలములో పరీక్ష చేసితిమి. ముందరి చక్రమువద్ద ఒత్తిడి గేజి తగిలించి, మొదట కారు నిలిపియుంచియే ఇద్దరిచేతను తొక్కించితిని. మనుమరాలు తొక్కగా ముల్లు 800 దాటెను. తాతగారు తొక్కగా 450 వద్ద నిలిచెను. మరల తొక్కుమంటిని, 400 దాటలేదు. పిమ్మట ఆ పిల్ల గంటకు ముప్పది మైళ్లతో వచ్చి తొక్కినప్పుడు, ఒకటిన్నర టన్ను బరువుగల ఆ కారు ముక్కు వంచి, వంకరపోక, చక్కగా నిలిచెను. పదిసార్లు తొక్కించితిని. పదవసారియు మొదటిసారివలెనే యుండెను. తాతగారు నడిపినప్పుడును కారు నిలిచెను, కాని పిల్ల నిలిపిన గీతకు చాల దూరము దాటి నిలిచెను. ఆ గీత సుద్దతో నేనే గీసితిని గనుక దానిని గూర్చి వాదమునకు తావు లేదు.

అప్పుడు పుస్తకము తీసి, త్రాసు చూపిన మూడు అంకెలను గేజి చూపిన రెండింటి ప్రక్కన ఆయన ముందుంచితిని. "కారు బాగైనది. మీరు మాత్రము దీనిని పెద్దరోడ్డున నడుపకూడదు. కాదన్నయెడల బూస్టరు ఇంకను నా షెడ్డులోనే యున్నది, పంపుతో కూడ తిరిగి బిగించెదను" అంటిని. ఆయన చాలసేపు కారు ముందరి భాగమును చూచుచుండెను. భార్యతో కలిసి కొనిన కారది. "ఇంత పని నా కారునకు చేయించి, నన్నే దిగిపొమ్మనుచున్నావు" అనెను. ఇంటికి పోవు దారిలో నాతో మాటలాడలేదు. రెండు ఆదివారములు చర్చిలో నాకు రెండు బెంచీల వెనుక కూర్చుండెను. నా భార్య, పెద్దవారితో అంత కచ్చితముగా చెప్పవలసినది కాదేమో అనెను. బస్సునకు నాలుగడుగుల దూరమని చెప్పినది ఆయనయే గదా అంటిని.

మూడవ ఆదివారమున ఆ కారు మా యింటిముందు ఆగెను. చక్రము పట్టినది మనుమరాలు. తాతగారు ప్రక్కసీటులో కూర్చుండి, అద్దము దించి, నన్నును నా భార్యను ఎక్కుమనెను. వీధి చివర ఆగవలసిన గుర్తు వచ్చువరకు ఎవరమును మాటలాడలేదు. ఆ పిల్ల నిదానముగా కాలు మోపెను, కారు మెల్లగా నిలిచెను. నేను వెనుకనుండి చూచితిని: ఆయన కుడికాలును, చెప్పు మడమ పైకి లేచునంత గట్టిగా, ఎదుటి నేలపలకను తొక్కుచుండెను.